జనగామ కాలేజీతో ఎడ్ల బేరం

తెలివితక్కువ పని చేసినవాళ్ళను లోకం నాలుగు రోజులు నవ్వి వదిలేస్తుంది. అతి తెలివితో పని చెడగొట్టుకున్నవాళ్ళకు మాత్రం ఇంట్లోవాళ్ళు అన్నం పెట్టినప్పుడల్లా గుర్తుచేస్తారు. నేను రెండో రకం. పదో తరగతి అయిన ఎండాకాలంలో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చదువును నేనే నిండా ముంచుకున్నాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా బాపు ముందు మాత్రం నవ్వకండి. ఆయనకింకా కోపం పోలేదు.

మాది నర్మెట్ట దగ్గరి ఊరు. బాపు ఎడ్ల బేరగాడు. ఒకరి ఎద్దును ఇంకొకరికి ఇప్పిస్తాడు, తువ్వాల కింద వేళ్ళు పట్టి ధర తేలుస్తాడు. సెలవుల్లో నేనూ ఆయన వెంట అంగడికి వెళ్ళేదాన్ని. అక్కడ ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం ఇది:

"నచ్చిన ఎద్దు దిక్కు కన్నెత్తి సూడద్దు బిడ్డా. ముందుగాల పక్కనున్న కుంటెద్దును అడుగు. దాని పండ్లు సూడు, తోక సూడు, మస్తు మెచ్చుకో. అసలు ఎద్దు గలాయనకు కడుపు మండాలె. ఆయనే పిలిచి ధర దించుతడు."

వెంటనే రెండో పాఠం కూడా చెప్పాడు. "పగ్గం మాత్రం చేత్ల పట్టకు. పట్టినవంటె బేరం అయిపోయినట్టే. ఇగ ఎనకకు పోవుడు లేదు."

మొదటి పాఠం నాకు కంఠతా వచ్చేసింది. రెండోది చెప్పేటప్పుడు నేను మిర్చి బజ్జీలు తింటున్నాను. వచ్చిన చిక్కంతా ఆ బజ్జీలతోనే.

ఆ ఏడాది ఒక ట్రస్టువాళ్ళు ప్రతిభ పరీక్ష పెట్టారు. మంచి మార్కులొస్తే ఇంటర్ ఫీజంతా వాళ్ళే కడతారు. మన మార్కులు ఏ కాలేజీలకు పంపాలో మాత్రం మనమే ముందుగా, వరుసగా మూడు పేర్లు రాసివ్వాలి. నాకు కావలసింది జనగామ కాలేజీ. అక్కడ లెక్కలు బాగా చెబుతారని పేరు. అంతకన్నా పెద్ద సంగతి, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఎందుకంటే అమ్మ ముందే తేల్చి చెప్పింది.

"జనగామల సీటొస్తె సదువు. ఆడపిల్లను హాస్టల్ల ఏసుడు నాతోని గాదు. రాకపోతె ఇంట్ల కూసోని కుట్టు మిషన్ నేర్సుకో."

సూదిలో దారం ఎక్కించమంటేనే నాకు చెమటలు పడతాయి. జనగామ రాకపోతే నా బతుకు జాకెట్ల పాలు. అందుకే ఉన్న తెలివంతా కూడగట్టుకుని నర్మెట్టలో శ్రీను అన్న నెట్ సెంటర్‌కు వెళ్ళాను.

"మొదటి కాలేజీ ఏం కొట్టాలె చెల్లె?" అన్నాడు శ్రీను అన్న.

"భూపాలపల్లి."

ఆయన చెయ్యి ఆగిపోయింది. "భూపాలపల్లా? గంత దూరంల మీకెవరున్నరు?"

"ఎవ్వరు లేరు. అది కుంటెద్దు."

"ఏందీ?"

"నువ్వు కొట్టన్నా. రెండోది తొర్రూరు. జనగామ ఆఖరుకు రాయి."

"మరి నీకు జనగామనే గావాలంటివి గద!"

"గావాలె గనుకనే ఆఖరుకు. ముందే రాస్తె చులకనైతం. భూపాలపల్లోళ్ళు పిలుస్తున్నరని తెలిస్తె జనగామోళ్ళకు కడుపు మండుతది. వాళ్ళే బతిమాలి, బస్ పాసు గూడ ఇస్తరు."

శ్రీను అన్న నన్ను గౌరవంగా చూశాడు. "ఏం దిమాకు చెల్లె నీది! కలెక్టరైతవ్."

తెరమీద బారెడు నియమాలు కనిపించాయి. ఆయన సర్రున కిందికి జరిపేశాడు. 'నియమాలన్నీ చదివి అర్థం చేసుకున్నాను' అని ఉన్నచోట నేనే ధీమాగా టిక్కు పెట్టాను. చదవనే లేదు, ఇక అర్థం సంగతి దేవుడెరుగు.

పరీక్ష రాశాను. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. అవి తక్కువ వచ్చినా బాగుండేదని తర్వాత తెలిసింది. ఒక సాయంత్రం బాపు ఫోను మోగింది.

"లావణ్య వాళ్ళ నాన్నగారేనా? భూపాలపల్లి కాలేజీ నుంచి మాట్లాడుతున్నాం. మొదటి పేరు మాదే రాసినందుకు సంతోషమండీ. మీ అమ్మాయికి సీటు ఖాయం."

బాపు ఫోను చెవి నుంచి తీసి, ఒకసారి దాన్ని చూసి, తర్వాత నన్ను చూశాడు.

"పరేషాన్ గాకు బాపు. గిదంత బేరమే" అన్నాను. "ఇగ సూడు, జనగామోళ్ళు ఉరికొస్తరు."

ఉరకడం కాదు కదా, నడిచి కూడా రాలేదు. వారం గడిచింది. చివరికి చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి బాపు, నేను జనగామ బస్సెక్కాం. ప్రిన్సిపాల్ సారు ఎదుట కూర్చుని దర్జాగా మొదలుపెట్టాను.

"సార్, భూపాలపల్లోళ్ళు నాకు సీటిచ్చిండ్రు."

"చాలా సంతోషం తల్లీ."

"మస్తు బతిమాలుతుండ్రు సార్."

"అయితే ఆలస్యమెందుకు? వెంటనే వెళ్ళి చేరిపో."

ఎద్దు గలాయనకు కడుపు మండాలి కదా! ఈయన మజ్జిగ తాగినంత చల్లగా ఉన్నాడు. చూసి చూసి ఓపిక నశించిన బాపు, భుజం మీది తువ్వాల తీసి సారు చేతి మీద కప్పబోయాడు. సారు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"పెద్దాయనా, ఏమిటిది? మీ పాప మార్కులు మా దగ్గరికి రానే లేదు. మొదటి కాలేజీ కాదంటేనే రెండోదానికి వెళ్తాయి, ఆ తర్వాతే మాకు. మొదట ఏ కాలేజీ పేరు రాస్తే ఆ కాలేజీకి మాట ఇచ్చినట్టే. నియమాల్లో ఉంది. చదవలేదా అమ్మా?"

"చదివిన్నని టిక్కు పెట్టిన సార్" అన్నాను.

బాపు నన్ను చెయ్యి పట్టుకుని బస్టాండు దాకా లాక్కొచ్చాడు. అక్కడ నోరు విప్పాడు. చుట్టూ ఉన్న ప్రయాణికులంతా విన్నారు.

"నచ్చిన ఎద్దు దిక్కు సూడద్దని అన్న. నచ్చని ఎద్దు పగ్గం పట్టుమన్ననా? అన్ననా?"

"అనలే బాపు."

"పగ్గం పట్టకని సెప్తుంటె ఏం జేసినవ్?"

"బజ్జీలు తిన్న."

బాపు ఆకాశం వైపు చూశాడు. నేను నర్మెట్ట వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. కళ్ళముందు కుట్టు మిషన్ చక్రం తిరుగుతోంది.

ఇంటికి చేరగానే అమ్మ తీర్పు చెప్పేసింది. "ఇగ సదువు బంద్."

నేను తలవంచుకున్నాను. గట్టిగా మాట్లాడింది బాపే. "బంద్ ఎట్లయితది? పగ్గం పట్టినం. పట్టినంక ఇడిసిపెడితె ఇజ్జత్ ఉంటదా?"

"గది అంగట్ల ఎవనికి తెలుస్తదయ్యా?"

"నాకు తెలుసు గద!"

"అది ఎద్దు గాదు, ఆడపిల్ల!"

"పట్టింది గూడ ఆ పిల్లనే. బేరం బేరమే. పోతది."

అమ్మ ఆ రోజంతా గిన్నెలు దబదబా పెడుతూనే ఉంది. మర్నాడు మాత్రం నా హాస్టలు కోసం మామిడికాయ తొక్కు డబ్బాలో కూరుతూ కనిపించింది. నా చదువు నా తెలివితో ఆగిపోయి, బాపు మొండితనంతో మళ్ళీ కదిలింది. ఆ మాట ఆయనతో ఇంతవరకూ అనలేదు, అంటే బజ్జీల సంగతి మళ్ళీ మొదలుపెడతాడు.

భూపాలపల్లిలో బాపు హాస్టలు చుట్టూ తిరిగి, కిటికీ ఊచలు ఊపి, నీళ్ళు తాగి, పప్పు రుచి చూసి తేల్చాడు. "కుంటిది గాదు బిడ్డా. నడుస్తది." నిజంగానే నడిచింది, లెక్కలతో సహా. సెలవులకు ఇంటికొచ్చేటప్పుడు మాత్రం బస్సు జనగామ కాలేజీ గేటు ముందునుంచే వచ్చేది. నేను కన్నెత్తి చూసేదాన్ని కాదు. నచ్చిన ఎద్దు కదా!

బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? మొన్న మా పొలానికి ఎద్దు కావాలని బాపుతో అంగడికి వెళ్ళాను. ఈసారి పొరపాటు జరగకూడదని, మంచి ఎద్దు కనబడగానే నేరుగా వెళ్ళి పగ్గం పట్టేశాను.

"పెద్దనాయినా, మాకు గిదే గావాలె. రెండోది లేదు, మూడోది లేదు!"

ఎద్దు గలాయన ముఖం వెలిగిపోయింది, ధర పైకెక్కింది. బాపు తువ్వాల నెత్తిన వేసుకుని అక్కడే కూలబడ్డాడు. ఆ ఎద్దుకు ఆయన జనగామ అని పేరు పెట్టాడు. నేను వినేలా రోజూ పొద్దున్నే "జరుగురా జనగామా, జరుగు" అని అదిలిస్తుంటాడు.

అందుకే మిర్చి బజ్జీ చేతబట్టి ప్రమాణం చేస్తున్నాను. ఫారం ముందు అంగడి తెలివి, అంగట్లో ఫారం తెలివి ఈ జన్మలో వాడను. బాపు ఏదైనా చెబుతుంటే ముందు నోట్లో ఉన్నది మింగుతాను.