విప్పకుండా దిద్దిన బొంత

మూడో తరగతితో బడి మానేసిన నేను మళ్లీ విద్యార్థినిగా కూర్చున్నది అరవై దాటిన తరవాత. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా నర్సీపట్నం చర్చి వెనకాల హాల్లో ఆడవాళ్లకి ఒక శిక్షణ పెట్టారు. బట్టతో ఇంట్లోకి కావలసిన వస్తువులు డిజైన్ చేయడం, వాటిని కుట్టడం. ఆరు నెలలు. ఆఖరి ప్రాజెక్టు బాగా చేసినవాళ్లని అక్కడే రోజూ పనికి ఉంచుకుంటారని ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటించారు. నేను ఆ సాయంత్రమే పేరు ఇచ్చాను.

పని కోసం ఇచ్చాననుకున్నారు అందరూ. నాకు కావలసింది మధ్యాహ్నాలు గడవడం. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. ఒక్క మనిషి వంటకి, రెండు గిన్నెలకి ఎంతసేపు పడుతుంది? పదకొండయ్యేసరికి పని అయిపోయేది. అక్కడి నుంచి లైటు వేసేదాకా నోరు తెరిచే అవసరమే ఉండేది కాదు. కూతురు ఎస్. రాయవరంలో ఉంది. పిల్లల్ని తీసుకుని వచ్చినా రెండో రోజుకే సంచి సర్దేది. కంచంలో మెతుకు వదిలితే నేను ఊరుకోను. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే ఊరుకోను. మనవరాలు ఒకసారి వాళ్లమ్మతో, "అమ్మమ్మింట్లో నవ్వితే కూడా కరుసైపోద్దా?" అనడం వంటింట్లోంచి విన్నాను. వినలేదన్నట్టు పప్పు ఏరుకున్నాను.

మాకు నేర్పిన మేడమ్ విశాఖపట్నం నుంచి బస్సులో వచ్చేది. డిజైన్ కాలేజీలో చదివి వచ్చిన చిన్నపిల్ల. మొదటి రోజే నా చేతికి డ్రాయింగు పుస్తకం, పెన్సిలు ఇచ్చి సంచి బొమ్మ గీయమంది. బొమ్మకి అంత మంచి కాగితం ఎందుకని ఇంటి నుంచి పాత న్యూసుపేపరు తెచ్చుకుని దాని మీద గీశాను. పుస్తకం కొత్తగానే ఉండిపోయింది.

ప్రతి శనివారం హాలు ఈ చివర నుంచి ఆ చివరకి తాడు కట్టి, ఎవరు చేసింది వాళ్లు దానికి క్లిప్పులతో తగిలించాలి. అందరూ ఎదురుగా నిలబడి ఏం కనిపిస్తోందో చెప్పాలి. నలభై ఏళ్లు కుట్టాను గాని, నా కుట్టుని నిలబడి చూసినవాళ్లు లేరు. మా ఇళ్లలో బొంత చిరిగినప్పుడే దాన్ని ఎవరైనా చూసేది. అందుకే నా సంచి ముందు పదకొండు మంది నిలబడేసరికి మెడ వెనక చెమట పట్టింది.

"చాలా గట్టిగా ఉందండీ. కొంచెం బరువైంది," అంది మేడమ్. నాకు మొదటి మాటే వినిపించింది.

నా పక్క కుర్చీలో చేపలమ్మే పిల్ల కూర్చునేది. సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చింది. పొద్దున్న వీధుల్లో చేపలు అమ్మి, స్నానం చేసి, తడి జుట్టుతోనే క్లాసుకి వచ్చేది.

"ఏటి మామ్మా, దీన్లో కూరగాయలు మోత్తావా, సిమెంటు మోత్తావా?" అంది.

"నీ నోటికి కూడా ఒక క్లిప్పు పెట్టాలే," అన్నాను. అందరూ నవ్వారు. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే నేను కూడా నవ్వుకున్నాను. ఇంట్లోకి వెళ్లాక ఆ మాట చెప్పడానికి ఎవరూ లేరు.

ఆఖరి ప్రాజెక్టుకి నేను పసిపిల్లల బొంత ఎంచుకున్నాను. పెట్టెలో మా ఆయన పంచెలు, నా నేత చీరలు ఉన్నాయి. కొత్త గుడ్డ కొననక్కర్లేదు. పంచె పరిచి దాని మీద రంగు ముక్కలు వేసి కుట్టి మొదటి శనివారం తగిలించాను. ఒక మూలన ఎరుపు ఎక్కువైంది, మార్చండి అంది మేడమ్. ఎరుపు మీద పసుపు ముక్క వేసి కుట్టేశాను. మరుసటి వారం మధ్యలో మరీ చీకటిగా ఉందంది. మధ్యలో తెల్ల చీర చెంగు వేశాను. ఆ పై వారం చెంగు జారినట్టుంది అంటే, దాని మీద అడ్డంగా ఇంకో పట్టీ వేశాను.

నాకు తెలిసిన దిద్దుబాటు అదే. మా అత్తగారి బొంతకి ఏటేటా ఒక పాత చీర పైన చేరేది గాని కింది చీర ఎన్నడూ బయటికి రాలేదు. చిల్లి పడితే మాసిక వేస్తాం. మాసిక చినిగితే దాని మీద ఇంకొకటి. కుట్టింది విప్పడమంటే మా వాళ్లకి దారం పారేయడం, గుడ్డకి కన్నాలు పెట్టడం. మేడమ్ ఎన్ని తప్పులు చెబితే అన్ని ముక్కలు కుట్టాను. చెప్పిన మాట వినే విద్యార్థిని నేనొక్కదాన్నే అనుకున్నాను కూడా.

"మామ్మా, ఇది కప్పితే పిల్ల మరి లెగదు," అంది పక్క పిల్ల.

ఆఖరి శనివారం ఇక పది రోజులు ఉందనగా మేడమ్ ఆ బొంతని చేతిలోకి తీసుకుని చూసి నా ఒళ్లో పెట్టింది. "ఒకసారి మడత పెట్టండి మామ్మగారూ," అంది. మడతపెట్టాను. చెయ్యి తీయగానే అది తనంతట తాను విప్పుకుని లేచింది.

"మీరు మార్చడం లేదండీ. కప్పుతున్నారు. ఇది మొత్తం విప్పాలి."

"కుట్టింది సింపమని నేర్పినారా మీ కాలేజీలో? మీ అమ్మ ఎప్పుడైనా సూది పట్టిందా?" అనేశాను.

మేడమ్ ముఖం మాడిపోయింది. నేను బొంత సంచిలో కుక్కుకుని వచ్చేశాను. మూడు రోజులు వెళ్లలేదు.

ఆ మూడు మధ్యాహ్నాలూ నాకు ఇప్పటికీ గుర్తే. అంతకుముందు ఖాళీ వేరు, అది అలవాటైన ఖాళీ. ఇప్పుడు రెండు గంటలు కాగానే చేతులు సూది కోసం చూసేవి. హాల్లో ఎవరు ఏం తగిలించి ఉంటారో, ఎవరిని చూసి నవ్వుతూ ఉంటారో అని కూర్చునేదాన్ని. ఈ ప్రాజెక్టు పోతే ఇక బతికినన్నాళ్లూ ఇలాంటి మధ్యాహ్నాలే. అది స్పష్టంగా తెలుసు. అయినా కాళ్లు గుమ్మం దాటలేదు.

మూడో రోజు పొద్దున్న చేపల తట్టతో పక్క పిల్ల వచ్చింది.

"ఏటి మామ్మా, అలిగినావా? నీ కుర్సీలో ఎవుల్నీ కూకోనివ్వలేదు నాను. బేగి రా, ఇంకా వారం ఉంది."

నేను చేప మొప్పలు ఎత్తి చూస్తూ, "ఇది నిన్నటి చేప కాదు కదా?" అన్నాను. మంచినీళ్లు ఇవ్వలేదు, కూర్చోమనలేదు. ఆ పిల్ల నా చేతిలోంచి చేప తీసుకుని, తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ పూటే వరండాలో కూర్చుని పాత బ్లేడుతో కుట్లు కోయడం మొదలుపెట్టాను. పొడుగు దారాలు పారేయకుండా కాగితం ముక్కకి చుట్టుకున్నాను. అడ్డపట్టీ వచ్చింది. దాని కింద చెంగు, ఆ తరవాత మూలన పసుపు. ఒక్కొక్కటే తీస్తుంటే ఏ శనివారం ఏ మాటకి ఏ ముక్క వేశానో వరసగా కనిపించింది. మేడమ్ చెప్పినవన్నీ చేశాను గాని, తను ఏం చూసి ఆ మాట అందో ఒక్కసారి కూడా నేను దూరం జరిగి చూడలేదు. ఎరుపు ఎక్కువైందన్నప్పుడు ఎరుపుని చూడలేదు. తప్పు పట్టిన నోటినే చూశాను. ఇంట్లో కూడా అంతేనేమో. కూతురు రెండో రోజుకే వెళ్లిపోతుంటే నేను ఇంకో జాగ్రత్త చెప్పేదాన్ని. దాని మీద మరొకటి.

అన్నీ తీసేశాక పాత పంచె మిగిలింది, రెండు పొరలు. చుట్టూ చిన్న ముక్కలు పెట్టి మధ్యలో వదిలేశాను. ఖాళీ గుడ్డ అలా వదిలేయాలంటే నాకు భయం వేసింది. పని ఎగ్గొట్టినట్టు అనిపించింది. చేత్తో రాసి చూశాను. సూది కన్నాలున్నా మెత్తగా ఉంది. పిల్ల వీపు ఆనేది అక్కడే. ఇంకేం కావాలి?

సోమవారం క్లాసుకి వెళ్లాను. మేడమ్ పాత సంగతి ఎత్తలేదు. క్షమించమని నేనూ అనలేదు. పక్క పిల్ల కుర్చీ కొంచెం అటు జరుపుకుంది. ఆ వారమంతా వంచిన తల ఎత్తలేదు. ఆఖరి శనివారానికి మూడు అంచులే అయ్యాయి.

తాడు ముందు నిలబడి, "ఏం కనిపిస్తోందండీ?" అని మేడమ్ నన్నే అడిగింది.

"పైన కుట్టు వంకర పోయింది. నాలుగో అంచు లేదు. మజ్జన ఏటీ లేదు, అక్కర్లేదు," అన్నాను.

మేడమ్ బొంత మధ్యన చేత్తో రాసి చూసింది. "ఇందరిలో నాకు ఇదే నచ్చిందండీ," అంది. తరవాత పేర్లు చదివారు. పూర్తయిన ప్రాజెక్టులకే పని అని ముందే నియమం పెట్టారు. ఐదుగురిని తీసుకున్నారు. పక్క పిల్ల పేరు ఉంది. నాది లేదు. నియమం నియమమే. పేర్లు చదివే కుర్చీలో నేనున్నా అలాగే చదివేదాన్ని.

అందరూ వెళ్లాక మేడమ్ నా దగ్గరికి వచ్చింది. వచ్చే బ్యాచికి చూపించడానికి బొంత హాల్లోనే ఉంచనా అని అడిగింది. గోడకి వేలాడే గుడ్డ ఎవరికీ పనికిరాదని నోటి దాకా వచ్చింది. ఉంచుకోమన్నాను. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

ఆ తరవాత కూరలకి బజారుకి వెళ్లినప్పుడు చుట్టుదారి అయినా చర్చి వెనక నుంచే వచ్చేదాన్ని. మిషన్ల చప్పుడు వినిపించేది. ఒక రోజు గుమ్మం దాకా వెళ్లాను. టీ తాగుతున్నారు. చేపలమ్మే పిల్ల నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టింది.

"రా మామ్మా, లోనికి రా. నీ బొంత ఇక్కడే ఉంది, సూడు."

"వంకాయలు వాడిపోతాయి," అని చెప్పి వచ్చేశాను. అప్పటికి వంకాయలు కొని పావుగంట కూడా కాలేదు.