సాక్ష్యం చెప్పిన తర్వాత స్కానింగ్

ఉద్యోగ విరమణకు కొన్నేళ్ల ముందు, వేసవి బదిలీల్లో, అసోసియేట్ ప్రొఫెసర్‌గా విజయవాడలో ఒక ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి వచ్చాను. మా ఓపీలో తామర, గజ్జి, ఎరువులకు పగిలిన చేతులు ఎక్కువ. వన్ టౌన్ కొట్ల గుమాస్తాల దగ్గర్నుంచి మైలవరం మామిడితోటల కూలీల దాకా అందరూ ఒకే బల్ల మీద సర్దుకునేవారు. ఆ రద్దీ అప్పట్లో ప్రాణం తోడేసేది. ఇప్పుడు తలుచుకుంటే మళ్లీ వెళ్లి అక్కడే కూర్చోవాలనిపిస్తుంది.

సువార్తమ్మ కంకిపాడు నుంచి వచ్చింది. వరినాట్ల ముఠాకు పెద్ద, వాళ్ల చర్చిలో స్త్రీల ప్రార్థన నడిపే మనిషి. కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ల కణుపుల మీద ఎర్రటి బొడిపెలు. పురుగుమందు పడలేదనుకుని ఏదో ఆయింట్‌మెంట్ రాసుకుంటోంది. నా గదిలో ఒక చెక్కపీట ఉండేది. ఇలాంటి మచ్చలు చూస్తే రోగిని దాని మీద కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమనేదాన్ని. ఆవిడ లేవలేకపోయింది.

"ప్రార్థనలో మోకరిస్తే పక్కవాళ్లు పట్టుకుని లేపుతున్నారండి. వయసు మీదపడిందనుకున్నా," అంది.

దీన్ని డెర్మటోమయోసైటిస్ అంటాం. చర్మమూ, తొడల కండరాలూ, భుజాల కండరాలూ కలిసి దెబ్బతినే జబ్బు. కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే అనే ఎంజైమ్ ఆవిడకు బాగా ఎక్కువగా ఉంది. పెద్దవాళ్లలో కొందరికి ఈ జబ్బు లోపల దాగిన క్యాన్సర్‌కు ముందు నడుస్తుంది. అందుకే స్టెరాయిడ్ మొదలుపెట్టి, ఛాతీ, రొమ్ములు, కడుపు అన్నీ పరీక్ష చేయించాను. ఏమీ దొరకలేదు. దొరకనంత మాత్రాన లేదని కాదు, మొదటి కొన్నేళ్లు వెతుకుతూనే ఉండాలి. కొన్ని నెలలాగి మళ్లీ స్కానింగ్‌కు రమ్మన్నాను.

రాలేదు. మాత్రల కోసం భర్త ఏసురత్నం వచ్చేవాడు. స్కానింగ్ మాటెత్తితే నేలచూపులు చూసేవాడు. ఒకరోజు గట్టిగా నిలదీస్తే అసలు సంగతి చెప్పాడు. మందు పనిచేసి, చేతులు ఆనించకుండా లేవగలిగిన వారమే, ఆరాధనలో అందరి ముందూ నిలబడి, ప్రభువు తనను స్వస్థపరిచాడని సువార్తమ్మ సాక్ష్యం చెప్పేసింది. మేలు పొందినవాళ్లు అలా చెప్పడం వాళ్ల చర్చిలో ఆనవాయితీ.

"సాక్ష్యం చెప్పినదాన్ని మళ్లీ క్యాన్సరుందేమోనని వెతికించుకుంటే, అబద్ధమాడినట్టు కాదా అంటందండి," అన్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. పట్టు పట్టానంటే వదిలే రకాన్ని కాను. ఆ ఆదివారం కంకిపాడు బస్సెక్కాను. సువార్తమ్మతో మాట్లాడి, ఆవిడ సరేనన్నాకే ఇద్దరం పాస్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన టీ ఇప్పించి, అంతా ఓపిగ్గా విన్నారు.

"నువ్వు లేచి నిలబడ్డావు, అదే చెప్పావు. అందులో అబద్ధమేముందమ్మా?" అన్నారు. "నేను రోజూ షుగరు మాత్ర మింగే ప్రసంగానికొస్తున్నాను."

"అయితే మీరే చెప్పండయ్యగారూ, నలుగురూ బుగ్గలు నొక్కుకోకుండా," అంది సువార్తమ్మ. ఆ వారమే ఆయన ఆవిడ స్కానింగ్ కోసం సంఘమంతటి చేతా ప్రార్థన చేయించారు.

ఈసారి కుడి అండాశయంలో చిన్న గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది. ఇంకా చుట్టుపక్కలకు పాకలేదు. గడ్డ తీసేశాక, చికిత్స పూర్తయ్యేలోగా, రెప్పల మీది రంగు కూడా వెలిసిపోయింది. నేను రిటైరయ్యే నాటికి ఆవిడ నాట్లకు వెళుతూనే ఉంది.

ఈ జబ్బులో మందు పనిచేసి ఒళ్లు తేలికపడ్డ రోజే రోగి ఆసుపత్రిని మరిచిపోతాడు. అప్పట్నుంచి చీటీ రాయకముందే చెప్పేదాన్ని, బాగున్నప్పుడు కూడా రావాలని. ఎవరైనా రాకపోతే, నిర్లక్ష్యమని తిట్టుకునే ముందు ఎందుకు రాలేదో కనుక్కునేదాన్ని.