సాయంత్రం నాలుగింటికి తెగే గీత

ఏలూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను లెక్చరర్‌గా చేరిన కొత్తలో మా ప్రొఫెసర్ గారు ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటికోట, ఈ మూడు చోట్లా కంప్యూటర్లు పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి సమాచారం చేరడానికి ఎంతసేపు పడుతుందో నిమిషనిమిషానికీ కొలవాలి. ఆ కొలతల్ని ఎప్పటికప్పుడు ఏలూరుకు రప్పించి తెర మీద గీతగా గీసే ప్రోగ్రాం నేను రాశాను. మధ్యాహ్నాలు నాకు క్లాసులుండేవి. అందుకని ముందురోజు గీతల్ని మర్నాడు పొద్దున్న చూసుకునేవాణ్ణి.

కొల్లేటికోట గీత రోజూ సాయంత్రం నాలుగింటికి తెగిపోయి, నాలుగున్నరకి మళ్ళీ మొదలయ్యేది. అక్కడి కంప్యూటరు బళ్ళో ఉంది. గది తాళం ఒక విద్యా వాలంటీరు దగ్గర ఉండేది. ఆ ఊరి ఆవిడే, చర్చి పక్కన ఇల్లు. బడి వదిలాక గది ఊడుస్తూ మిషన్ ఆపేస్తున్నారనుకుని ఫోన్ చేసి అడిగాను.

“లేదండీ. నేను దాన్ని ముట్టుకోనండీ,” అన్నారావిడ.

నేను నమ్మలేదు. గీత ప్రింటు తీసి, జతచేసి, ఆవిడే మిషన్ ఆపేస్తున్నారని హెడ్మాస్టరు గారికి ఉత్తరం రాశాను.

రెండు వారాలైనా గీత అలాగే తెగుతోంది. ప్రొఫెసర్ గారు వెళ్ళి చూసి రమ్మన్నారు. కైకలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి చేపల చెరువుల గట్ల మీద ఆటో. హెడ్మాస్టరు గారే వచ్చి గది తీశారు.

“మీ ఉత్తరం అందిన రోజే ఆవిడ దగ్గర తాళం తీసేసుకున్నానండీ. ఇంకా ఆగుతోందా?”

అప్పుడు మొదటిసారి నాకు అనుమానం వచ్చింది. ఆవిణ్ణి పిలిపించాం. చేతిలో నోటుబుక్కుతో వచ్చారు.

“మీరు ఫోన్ చేసినప్పట్నుంచీ రాస్తున్నానండీ. రోజూ కరెంటు పోయేది రెండున్నరకి, వచ్చేది మూడింటికి. నాలుగింటికి ఒక్కరోజూ పోలేదు.”

తెర మీద టైము చూశాను. ఒంటిగంటన్నర. నా వాచీలో పన్నెండు. మిషన్ తన గడియారం ప్రకారం కొలతలకి టైము వేసి పంపుతోంది, నా ప్రోగ్రాం దాన్నే నమ్ముతోంది. రెండున్నరకి పోయిన కరెంటే నా గీతలో నాలుగింటికి తెగినట్టు పడుతోంది. బిగించిన రోజున ఆ గడియారం సరిచూడాల్సింది నేనే.

“తప్పు నాదండీ. ఈవిడ ఏమీ ఆపలేదు,” అన్నాను.

హెడ్మాస్టరు గారు జేబులోంచి తాళంచెవి తీసి ఇవ్వబోయారు. ఆవిడ చెయ్యి చాపలేదు.

“మరి ఆ ఉత్తరం సంగతేంటండీ?” అని నన్నడిగారు.

“వెళ్ళగానే ఇంకోటి రాసి పంపిస్తానండీ.”

“ఇక్కడే రాయండి.”

నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి ఇచ్చారు. పిల్లల బల్ల మీద కూర్చుని రాశాను. ఆవిడ రెండుసార్లు చదివి, హెడ్మాస్టరు గారి చేతికిచ్చి, అప్పుడు తాళంచెవి తీసుకున్నారు.

ఏలూరొచ్చి, ముందు గడియారాలు సరిపోల్చుకున్నాకే కొలత తీసుకునేలా ప్రోగ్రాం మార్చాను. ఒక పూట పని. ప్రయోగం ముగిసేదాకా ఎప్పుడు ఫోన్ చేసినా ఆవిడ మిషన్ గురించి అడిగినదానికి జవాబు చెప్పేవారు. అంతకుమించి మాట్లాడలేదు.