చెంచాడు జిన్ను

ఏళ్ళ తరబడి బారు కౌంటరు వెనక నిలబడి, వచ్చినవాళ్ళందరికీ గ్లాసులు కలిపి ఇచ్చి, తన నాలుక మీద మాత్రం ఒక్క చుక్క పడనివ్వని మనిషి ఉందంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి, నాకేం. ఆవిడ అసలు పేరు అక్కడెవరికీ గుర్తులేదు, అందరికీ ముక్కక్క. కలిపిన గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీల్చి, నిమ్మరసం తగ్గిందో జిన్ను ఎక్కువైందో చెప్పేసేది. కోపం కూడా ఆ ముక్కు మీదే ఉండేది.

రుచి చూడకపోవడం వెనక ఒక ఒట్టు ఉంది. భర్త పోయాక ఈ ఉద్యోగంలో చేరతానన్నప్పుడు అత్తగారు అగ్గిమీద గుగ్గిలమైంది. మామగారు తాగి తాగి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి పోయినవాడు మరి. ఆవిడ బాధ ఆవిడది. ఇల్లు గడవక తప్పక, చివరికి "చెయ్యి తడిస్తే తడవనీ, నాలుక మాత్రం తడవకూడదు" అని కోడలి చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. కోడలు ఆ మాట మీదే నిలబడింది.

చోద్యం ఏమిటంటే, వేసవిలో ఆ బారుకు పేరు తెచ్చిన గ్లాసుకు కావలసినవన్నీ పెంచేది ఆ అత్తగారే. డాబా మీద పాత రంగు డబ్బాల్లో పుదీనా, పిట్టగోడ పొడుగునా కీరదోస పాదు, మూలన తొట్టిలో నిమ్మచెట్టు. "మొక్కలేం పాపం చేశాయి" అనేది. కోడలు మధ్యాహ్నం బుట్టనిండా కోసుకుని డ్యూటీకి వెళ్ళేది. కీర ముక్కలను షేకరులో వేసి కర్రతో నలిపి, పుదీనా రెమ్మను రెండు అరచేతుల మధ్య ఒక్క చరుపు చరిచి వేసి, నిమ్మకాయ పిండి, పంచదార పాకం పోసి, ఆపైన కొలిచిన జిన్ను, గుప్పెడు ఐసు. చేతులు తిమ్మిరెక్కేదాకా ఊపి, వడగట్టి, సోడా పోసి ఇస్తే, ఎండనపడి వచ్చినవాడికి ప్రాణం లేచొచ్చేది.

ఆ ఎండాకాలం మొదట్లో ముక్కక్క జ్వరంతో మంచం పట్టింది. జ్వరం పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. సబ్బు వాసన లేదు, పొయ్యి మీద పాలు మాడినా తెలియదు. ఎవరికీ చెప్పలేదు. చేయి తిరిగిన పని, కళ్ళు మూసుకుని చేస్తాననుకుని డ్యూటీలో చేరింది.

మొదటి సాయంత్రమే గ్లాసులు వెనక్కి వచ్చాయి. రోజూ వచ్చే టైలర్ మాస్టారు ఒక గుటక వేసి మొహం వికారంగా పెట్టాడు.

"ఏమ్మా, ఇందులో జ్వరం మాత్రలేమైనా నూరి పోశావా? ఒకటే చేదు."

ముక్కక్క గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంది. దానికీ నీళ్ళ గ్లాసుకీ తేడా తెలియలేదు.

ఓనరు కుర్రవయసువాడు. పక్కకు పిలిచాడు.

"అక్కా, నిజం చెప్పండి. వాసన తెలుస్తోందా?"

"తెలియట్లేదు."

"పోనీ రుచి చూసి ఇవ్వండి."

"ఒట్టుంది. మీకు తెలుసుగా."

"మీ ఒట్టు కోసం నేను బారు మూసుకోలేను కదక్కా. రేపట్నుంచి క్యాష్ దగ్గర కూర్చోండి. సీసాల్లో రెడీమేడ్ సిరప్ వస్తోంది, అదైతే ఎవరైనా పోస్తారు. మీ జీతం తగ్గించను లెండి."

జీతం తగ్గించనన్నాడు, అంతవరకూ మంచివాడే. కానీ ఆవిడ మనిషిగా బతికింది ఆ కౌంటరు వెనకే. పెట్టె ముందు మొద్దులా కూర్చుని, తన చోట ఎవడో సీసా మూత తిప్పుతుంటే చూస్తూ ఉండాలా? ముక్కక్క వల్ల కాదు.

"రేపు కూడా నేనే కలుపుతాను. ఒక్క గ్లాసు వెనక్కి వచ్చినా మీరు చెప్పిన చోట కూర్చుంటాను" అంది.

మర్నాడు పొద్దున్నే అత్తగారికి జరిగిందంతా చెప్పింది. ముక్కు సంగతి, క్యాష్ పెట్టె సంగతి, అన్నీ. చెప్పి, "అత్తయ్యా, ఇవాళ నేను రుచి చూస్తాను" అంది.

ఊడుస్తున్న అత్తగారి చేతిలో చీపురు ఆగిపోయింది. "ఒట్టు వేశావు."

"వేశాను. చాటుగా తప్పితే మీకు తెలిసేదే కాదు. మీ మొహం మీద చెప్పి తప్పుతున్నాను."

"మీ మామగారూ ఇలాగే చెంచాడుతో మొదలుపెట్టారు."

"నేను మామగారిని కాదు. కూర రుచి చూసిన వంటవాణ్ణి తిండిపోతంటామా? ముక్కు ఎలాగూ పోయింది. నాలుక కూడా మీకిచ్చేస్తే ఇంక నాకేం మిగులుతుంది చెప్పండి."

"ముక్కు పోతే ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?" అంది అత్తగారు. అయినా పట్టు విడవలేదు. "సరే, నీ ఇష్టం. నా మొక్కల మీద మాత్రం చెయ్యి వెయ్యకు" అని డాబా మెట్ల మీద అడ్డంగా కూర్చుంది.

ముక్కక్క బుట్ట చంకన పెట్టుకుని ఆవిడను ఒరుసుకుంటూ పైకి ఎక్కేసింది.

ఒక కీరదోసకాయ తెంపి, తొడిమ వైపు చిన్న ముక్క కోసి నోట్లో వేసుకుంది. కటిక చేదు. ఇంకోటి కోసింది, అదీ అంతే. అప్పుడు వెలిగింది ఆవిడకు. చేదు ముక్కుకు అందదు. తన ముక్కు నిక్షేపంగా ఉన్నా నిన్న ఆ గ్లాసులు వెనక్కే వచ్చేవి. ఇన్నేళ్ళూ గట్టెక్కించింది తన ముక్కు గొప్పతనం ఒక్కటే కాదు, ఈ పాదు చలవ కూడా.

"అత్తయ్యా, ఇవి చేదెక్కాయేం?" అని పైనుంచి అడిగింది.

"నీళ్ళు లేకపోతే చేదెక్కవా?" మెట్ల మీదనుంచే జవాబొచ్చింది. "నీ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చునేదాన్నా, వాటికి నీళ్ళు మోసేదాన్నా?"

ముక్కక్కకు దిగి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు. కూర్చుంటే మనసు మారిపోతుందని తెలుసు. పాదు చివర్న కొత్తగా కాసిన లేతకాయలను ఒక్కొక్కటే కోసి రుచి చూసి, చేదులేనివి బుట్టలో వేసుకుని, మళ్ళీ అత్తగారిని ఒరుసుకుంటూనే దిగింది.

సాయంత్రం బారులో అందరి కళ్ళూ ఆవిడ మీదే. మొదటి గ్లాసు కలిపి, సొరుగులోంచి చెంచా తీసింది.

"అక్కా, మరి ఒట్టు?" అన్నాడు ఓనరు.

"ఇంట్లో చెప్పే వచ్చాను" అని చెంచాడు నోట్లో పోసుకుంది. నాలుక చురుక్కుమంది. ఆ వెనకే మొహం చిట్లించింది.

"ఇంత తీపా? ఇన్నేళ్ళూ ఇంత పాకం తాగుతూ ఒక్కరూ నోరు విప్పలేదేం?"

"నీ కోపానికి ఎవడు ఎదురొస్తాడమ్మా?" అన్నాడు టైలర్ మాస్టారు.

ఆ గ్లాసు సింకులో పారబోసింది. పాకం తగ్గించి, ఇంకాస్త నిమ్మరసం పిండి, చిటికెడు ఉప్పు వేసింది. మళ్ళీ ఊపి, మళ్ళీ అందరి ముందూ చెంచాతో చూసి, అప్పుడు ఇచ్చింది. మాస్టారు అడుగుదాకా తాగి ఐసు ముక్కలు కూడా నమిలాడు. పక్కనున్న ఒకాయన మాత్రం "పాతదే బాగుండేది" అని సణిగాడు.

"పాతది కావాలంటే ఇంకెక్కడికైనా వెళ్ళండి. ఇక్కడ ఇకమీదట ఇదే" అంది ముక్కక్క.

ఆయన సణుగుతూనే గ్లాసు ఖాళీ చేశాడు. ఒక్కటీ వెనక్కి రాలేదు. సిరప్ సీసాలు అట్టపెట్టెలోనే ఉండిపోయాయి.

మర్నాడు లేచేసరికి అత్తగారి మంచం ఖాళీగా ఉంది. ముక్కక్క డాబా ఎక్కింది. పెద్దావిడ ఒంటరిగా బకెట్టు మోసుకొచ్చి, ఆయాసపడుతూ పాదు మొదట్లో నీళ్ళు పోస్తోంది.

"అత్తయ్యా."

"ఒట్టు తప్పినదానితో నాకు మాటల్లేవు" అని అటు తిరిగింది. తిరిగి, కీరదోస తీగతో మొదలుపెట్టింది. "తాగవే, కడుపునిండా తాగు. నువ్వు మళ్ళీ చేదెక్కావంటే నా కోడలు పోయి ఆ పెట్టె ముందు కూర్చోవాలి. నా కంఠంలో ప్రాణముండగా అది జరగనివ్వను."

ముక్కక్క రెండో బకెట్టు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది.