గిటారు మధ్యలో మా మామ

షాపులో కొన్న క్యాసెట్టుకన్నా, కచేరీలో ఎవరో జేబులో మిషను దాచిపెట్టుకుని దొంగతనంగా రికార్డు చేసిన క్యాసెట్టే నాకు ఇష్టం. ఈ మాట ఎవరి ముందైనా చెప్తాను. షాపు క్యాసెట్టులో పాట స్నానం చేసి, తల దువ్వుకుని, ఫోటోకు నిలబడినట్టుంటుంది. దొంగ క్యాసెట్టులో అదే పాట ఇంట్లో తిరుగుతున్నట్టుంటుంది. పాడేవాడు గొంతు సవరించుకుంటాడు. గిటారు వాయించేవాడు తీగ వదులైందని మధ్యలో బిగించుకుంటాడు. జనంలో ఎవరో దగ్గుతారు. రికార్డు చేస్తున్న మనిషి ఇటునుంచి అటు కాలు మార్చుకుంటే గుడ్డ రాసుకున్న చప్పుడు వస్తుంది. అవన్నీ ఇంగ్లీషు పాటలు, నాకు ఇంగ్లీషు రాదు. అయిదో తరగతి దాకా తెలుగు చదువుకున్నాను, అంతే. అందుకని పాటలో మాటలు నాకు అడ్డం రావు. ఏ క్యాసెట్టు ఏదో దగ్గును బట్టి చెప్పేస్తాను.

ఈ పిచ్చి నాకు సౌదీలోని జుబైల్ వచ్చాక పట్టింది. మా ఆయన ఇక్కడ ఫ్యాక్టరీలో పైపుల ఫిట్టరు. షట్‌డౌన్ అంటే ఫ్యాక్టరీ మొత్తం ఆపేసి మరమ్మతులు చేసే రోజులు. ఆ రోజుల్లో ఆయన తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి వెళ్లిపోయేవాడు. పరాయి దేశం, బయటికి ఒక్కదాన్నే పోలేను, ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు. అప్పుడే క్యాంపులో ఒక ఇంగ్లండు కుటుంబం ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ రాకుండా స్వదేశానికి, వెళ్లిపోతూ సామాన్లు అమ్మితే, మా ఆయన బట్టలుతికే మిషను కొన్నాడు. ఇంటికి తెచ్చి మూత తీస్తే లోపల అట్టపెట్టె, దాని నిండా క్యాసెట్లు. వెనక్కి ఇవ్వబోతే ఉంచుకోమన్నారట.

మా ఆయన ఒకటి పెట్టి విని, "దీంట్లో పాటేమీ లేదుమే, అంతా గోల" అన్నాడు.

నాకు గోలలా అనిపించలేదు. మాది దూదేకే ఇల్లు. ప్రొద్దుటూరు దగ్గర మా ఊళ్లో మా నాయన పరుపులకు దూది ఏకేవాడు. పెద్ద విల్లు కప్పునుంచి వేలాడుతుండేది. దాని నారిని కొయ్యతో కొడితే ఇల్లంతా అదిరేది. తేమ పట్టిన దూదికి ఒక నాదం, ఎండిన దూదికి ఒక నాదం. ఆ నారి మోత వింటూ నిద్రపోయి, ఆ మోతకే నిద్రలేచినదాన్ని. కరెంటు గిటారు మొదటిసారి వినగానే నాకు కొత్త అనిపించలేదు. ఎవరో చాలా పెద్ద విల్లు పట్టుకుని, ఊరికంతా సరిపోయే దూది ఏకుతున్నారనిపించింది.

అట్ల ఆ పెట్టె నాదైంది. మా ఆయనకు అందులో ఒకే ఒక్క క్యాసెట్టుతో పని. దాని సంగతే చెప్పబోతున్నాను.

ఆ కాలంలో ఇక్కడున్నవాళ్లం ఇంటికి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాళ్లం. చదువు లేనివాళ్లకు అదే మేలు. ఇంట్లో ఏ పాటల క్యాసెట్టు దొరికితే దాని వీపున ఉండే రెండు చిన్న గుంతల్లో కాగితం ఉండ కూరితే చాలు, మిషను దాని మీద మాట రికార్డు చేసుకుంటుంది. సెలవు మీద పోయేవాళ్ల చేతికి ఇస్తే ఇల్లు చేరేది. ఇంటివాళ్లు విని, అదే క్యాసెట్టు మీద జవాబు మాట్లాడి, తిరిగొచ్చేవాళ్ల చేతికి ఇచ్చేవాళ్లు. కొత్తది కొనాలని ఎవరికీ తోచేది కాదు. విన్న మాట మీద మళ్లీ మాట్లాడటమే పద్ధతి.

ఒకసారి మా ఆయన నా పెట్టెలోంచి ఒక క్యాసెట్టు లాగి, నేను విని ఆపిన చోటునుంచే తన క్షేమసమాచారం చెప్పి పంపేశాడు. ఊళ్లో మా మామ, అంటే మా ఆయన నాయన, కొడుకు మాట విని, టేపు వెనక్కి తిప్పి, సరిగ్గా ఆ మాట మీదే జవాబు చెప్పాడు. మామ మాట పొడుగు, కొడుకు మాట పొట్టి. కొడుకు పూర్తిగా మునిగిపోయాడు. అట్ల ఆ క్యాసెట్టు తిరిగొచ్చేసరికి దాంట్లో ముందు గిటారు, మధ్యలో మా మామ, తర్వాత మళ్లీ గిటారు.

తర్వాత కొన్నాళ్లకే మామ పోయాడు. అప్పటికి ఇంటికి ఫోను లేదు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు, ఆ క్యాసెట్టులో తప్ప. మా ఆయన దాన్ని బీరువాలో తన చొక్కాల కింద పెట్టుకున్నాడు. విననూ వినడు, నన్ను విననివ్వనూ విననివ్వడు. ఇల్లు మారినప్పుడల్లా మొదట దాన్నే జేబులో వేసుకునేవాడు.

ఈ ఏడాది మా ఎగ్జిట్ ఖాయమైంది. సామాన్లు సర్దుతుంటే ప్రొద్దుటూరునుంచి మా ఆడబిడ్డ ఫోను చేసింది. "అన్నా, నాయన గొంతు నా ఫోనులో ఏసియ్యి. నువ్వు వొచ్చేదాకా ఆగలేను. నీ దగ్గరుంది గాబట్టి నీకు తెలీదు, లేనోళ్లకు తెలుస్తాది."

మా ఆయన క్యాసెట్టు తీసి వెలుగులో పట్టుకు చూశాడు. టేపు ఒకచోట మెలిపడి అతుక్కుంది. దాని వెనక ఉండే చిన్న ఉన్ని ముక్క ఊడి లోపల దొర్లుతోంది. మా పాత మిషనులో పెడితే నమిలేస్తుంది. అప్పుడు చూశాను ఆయన ముఖం. ఇన్నేళ్లూ భద్రంగా దాచిందే చేతిలో చెడిపోయిందని అర్థమైన ముఖం.

"పైనింటి తమ్ముడికి చూపిద్దాం" అన్నాను.

మా పైనింట్లో విజయవాడ అబ్బాయి ఉంటాడు. ఆఫీసు పని, ఇంజనీరు. సెలవు రోజుల్లో దగ్గరున్న ఖోబర్ పట్నం పోయి స్నేహితులతో కీబోర్డు వాయిస్తాడు. వాళ్లు వాయించేది కరెంటు జాజ్. ఎప్పుడో పోయిన, బాకా వాయించే ఒకాయన, పెద్దవయసులో బాకాకు కరెంటు తగిలించి వాయించిన సంగీతమట. ఆయన జ్ఞాపకంగా వాయిస్తారు. ఒకరోజు నా కిటికీలోంచి గిటారు విని ఇతనే కిందికొచ్చి తలుపు కొట్టాడు. అప్పటినుంచి నన్ను అక్కా అంటాడు, నా క్యాసెట్లు అడిగి పట్టుకెళ్తాడు.

వాళ్ల వాయింపు మీద నాకు నా అభిప్రాయముంది. మొదట్లో వాళ్లు పెద్దాయన ఎక్కడ ఆగితే అక్కడ ఆగేవాళ్లు, ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ తీసేవాళ్లు. విని బాగాలేదని చెప్పాను. మా ఇళ్లలో పోయినవాళ్లకు ఫాతెహా ఇచ్చేటప్పుడు వాళ్లకు ఇష్టమైనది వండుతాం. వాళ్లు వండినట్టే వండాలని ఎవరూ అనరు. వండేది మన చెయ్యి, మన పొయ్యి. తినాలనిపించేట్టు ఉంటే పోయినవాళ్లకు చేరినట్టే. ఆ అబ్బాయి నవ్వి, "మా డ్రమ్మర్‌కి ఈ మాట మీరే చెప్పాలక్కా, నేను చెప్తే కొడతాడు" అన్నాడు. ఈమధ్య వాళ్లు కొంచెం దారి తప్పి వాయిస్తున్నారు. ఇప్పుడు బాగుంది.

శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చి మా ఆయన నాతో పాటు పైకి వచ్చాడు. క్యాసెట్టును బల్లమీద పెట్టాడు గాని చెయ్యి దానిమీదనుంచి తీయలేదు.

"తెగుతాదా?" అన్నాడు.

"అబద్ధం చెప్పనన్నయ్యా. తెగినా తెగచ్చు" అన్నాడు ఆ అబ్బాయి. "ఒక్కసారి ఆడిస్తే చాలు, ఆ ఒక్కసారిలో కంప్యూటర్లోకి ఎక్కించేస్తాను. రెండోసారి మాత్రం ఆడించను."

మా ఆయన చెయ్యి తీశాడు. చిన్న మరలు విప్పి, చుట్టలు రెండూ తీసి, మెలిపడిన చోట వేలితో నిమిరి, కొత్త క్యాసెట్టు డొల్లలో పెట్టాడు ఆ అబ్బాయి. మీట నొక్కాడు.

గిటారు వచ్చింది. నా దగ్గువాడు వచ్చాడు. ఆ అబ్బాయి చప్పున చెవులకు పెట్టుకున్నది తీసి, పాత డొల్ల మీది చేతిరాత మళ్లీ చదివాడు. "అక్కా, ఈ కచేరీ ఎవరి దగ్గరా లేదు. దీని కోసం ఎంతమంది వెతుకుతున్నారో తెలుసా?" అంటుండగానే టక్కుమని గిటారు కిందికి పోయి మా మామ గొంతు వచ్చింది.

"ఆఁ, నాయనా. అందరం బాగుండాం."

ఆ అబ్బాయి తల పట్టుకున్నాడు. "సరిగ్గా గిటారు సోలో మీద కూర్చున్నారు మీ మామగారు."

"ఆయన యాడ కూర్చున్నా అంతే. పొద్దు గుంకినా లేసేవాడు గాదు" అన్నాడు మా ఆయన.

మామ ఎద్దుకు జబ్బు చేసిన సంగతి చెప్పాడు, పక్కింటివాళ్లు గోడ జరిపిన సంగతి చెప్పాడు, శనక్కాయలకు వాన సాల్లేదన్నాడు. ఊళ్లో మామ ఇంటి మిషను నాసిది, కింద పాత పాట పూర్తిగా చెరగలేదు. కొడుకు మాట్లాడినంత మేర దాటాక, ప్రతి మాట కిందా గిటారు సన్నగా నడుస్తూనే ఉంది. చివర మామ "ఇంగ ఉంటా నాయనా" అనగానే టక్కుమని ఆగి, వేల మంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

టేపు తెగలేదు. మా ఆయన కళ్లు తుడుచుకుని, "తమ్ముడూ, ఆ గోలంతా తీసేసి మా నాయన గొంతు ఒక్కటే ఇయ్యి" అన్నాడు.

"వద్దు, ఉన్నదున్నట్టు ఇయ్యి" అన్నాను.

"నీకు గిటారు గావాల, నాకు నాయన గావాల."

"నాకూ మామే గావాల. ఆయన్ని కడిగి ఆరేస్తే మామ అట్లుండడు."

"కడిగితే తప్పేమి? మాట బాగా ఇనపడతాది."

మా ఇద్దరి మధ్య ఆ అబ్బాయి ఇరుక్కున్నాడు. రెండూ చేసి పెడతానన్నాడు. కంప్యూటర్లో ఏదో చేశాడు. గిటారు పోయింది, బుస్సుమనే చప్పుడు పోయింది, మామ ఒక్కడే మిగిలాడు. మాట గాజులా ఉంది. మా ఆయన రెండుసార్లు విన్నాడు. "బాగుంది" అన్నాడు. చెల్లెలికి పంపించాడు.

కాసేపటికి ఆమె ఫోను చేసింది. స్పీకరులో పెట్టాడు.

"నాయనే అన్నా. మాట బాగా తెలుస్తాంది. గాని యాడ కూచోని మాట్లాడతాండాడో తెల్లే. ఏదో ఆస్పత్రి గదిలో ఉన్నెట్టుంది. ఆ పొద్దు నేను ఆడనే ఉన్న్యా గదా, అట్లుండ్లే."

మా ఆయనే ఆ అబ్బాయి వైపు చూసి, "అసలుది పంపించు" అన్నాడు.

ఆమె వింటున్నంతసేపూ ఫోను పెట్టేయలేదు. అవతల గిటారు మోగటం మాకు ఇవతల వినిపిస్తోంది. మధ్యలో ఆపింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఆపింది.

"అన్నా, అమ్మ ఉందిరా."

"యాడ?"

"నాయన వాన సంగతి చెప్పేటప్పుడు ఎనకమాల. బాగా ఇను."

మా అత్త ఆ మిషనుకు ఎప్పుడూ మాట్లాడలేదు. ముందు కూర్చోబెడితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచిపోయేది. ఆమె గొంతు ఎక్కడా లేదనే అందరం అనుకున్నాం. పైగా మా పాత మిషను స్పీకరు అంత చిన్న మాటను ఏనాడూ వినిపించలేదు. ఆ అబ్బాయి పెద్ద స్పీకర్లకు తగిలించి, ఆ చోటు పెట్టి, సౌండు పెంచాడు. మామ మాట కింద గిటారు, గిటారు కింద బుస్సుమనే చప్పుడు, దానికీ కింద, వంటింట్లోంచి, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు మా అత్త: "వాన సంగతి వాడికెందుకు. బువ్వ తింటాండాడో లేదో అడగవయ్యా."

మామ అడగలేదు. ఎద్దు సంగతి మళ్లీ ఎత్తుకున్నాడు. కడిగిన దాంట్లో వెతికాం. అక్కడ ఆమె లేదు. కంప్యూటరు ఆమెను కూడా గోల కింద లెక్కేసి తీసేసింది.

మా ఆయన చాలాసేపు ఆ స్పీకరు ముందు వంగి కూర్చున్నాడు. తర్వాత కడిగినదాన్ని తన ఫోనులోంచి తనే తీసేశాడు. "తింటాండా లేమ్మా" అన్నాడు స్పీకరుతో.

ఆ అబ్బాయి మొహమాటంగా, ఈ కచేరీ వెతుకుతున్నవాళ్లకు ఒక కాపీ పంపొచ్చా అని అడిగాడు. మా ఆయన ఒప్పుకున్నాడు. తన అమ్మా నాయన్ని తీసేసి మాత్రం ఎవరికీ ఇయ్యొద్దన్నాడు. ఆ అబ్బాయి అట్లనే పంపాడు.

ఇప్పుడు రియాద్‌లో పెద్ద పెద్ద కచేరీలు జరుగుతున్నాయి. జనమంతా ఫోన్లు పైకెత్తి పట్టుకుంటారు, దాచుకునే పనే లేదు. వాటిని చూసి మావాళ్లు ఇంత గోల ఎందుకు రికార్డు చేసుకుంటారని విసుక్కుంటారు. చేసుకోనీ అంటాను నేను.

మేము టిక్కెట్టు చేసుకున్న వారంలో ఆ అబ్బాయి కిందికొచ్చాడు. కచేరీ విన్న ఎవరో ముసలాయన, ఏ దేశమో, జాబు రాశాడట. మధ్యలో మాట్లాడుతున్న పెద్దమనిషి ఏమంటున్నాడు, వెనకనుంచి ఆ ఆడమనిషి ఏమంటోంది అని.

మా ఆయన సూట్‌కేసు మీదనుంచి లేవకుండానే, "శనక్కాయలకు వాన సాల్లేదంటాండాడని రాయి" అన్నాడు. ఆ అబ్బాయి రాసుకున్నాడు. "ఆయమ్మ, కొడుకు బువ్వ తిన్న్యాడా అని అడుగుతాందని రాయి. తిన్న్యాడని గూడా రాయి."