బాపు కార్డు మీద ఒరిగిన అక్షరాలు

ఈ ఉదయం దీపం పెట్టి, స్టవ్ మీద పాలు చూస్తుంటే, తమ్ముడి కూతురు ఫోన్ పట్టుకొచ్చింది. మా బాపు, అంటే మా నాన్న, సంవత్సరీకం కార్డు తానే తయారు చేసింది. సాయంత్రం ప్రింటుకు పంపాలి. అక్షరాలన్నీ గుండ్రంగా, ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి.

"ఏందే బిడ్డా, గిది ఐస్‌క్రీమ్ బండి మీద రాసినట్టున్నది. మీ చిన్నతాత జూస్తే ఊకుంటడా?"

"అత్తమ్మా, తాత ఎన్నడన్న నిటారుగ నిలబడ్డడా? గోడకు ఒరిగి నవ్వుకుంటనే మాట్లాడేటోడు గదా!"

నిజమే. అయినా సంవత్సరీకం కార్డు నవ్వొచ్చా? జపంలో కూర్చున్నా తేలలేదు. మీకేమైనా తోస్తే చెప్పండి.

ఇది రాసి పెట్టాక, సాయంత్రం నాగారం నుంచి బాపు తమ్ముడు, మా చిన్నాయన వచ్చి, బాపు పేరును చాలాసేపు చూశాడు. "గిది మా అన్ననే" అన్నాడు.

తేదీ, భోజనాల వేళ నిటారు అక్షరాల్లో వేయిస్తున్నాం. బాపు పేరు మాత్రం ఒరిగే ఉంటుంది.