పదిహేడో అంశం చదివిన సారు

సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉన్నాను. వాళ్ళమ్మాయి ఏడవకుండా, ఆఫీసు కబురు చెప్పినట్టు చెప్పింది. "అక్కా, నాన్న పొద్దున పోయిండు. దవాఖానాకు తీస్కపోయే టైం కూడ ఇయ్యలే. మీకు చెప్పమని అమ్మ అన్నది." నేను "అవ్" అన్నాను. మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు ఇవాళ్టికీ అట్లాగే ఉంది. కుట్టమని ఇచ్చినవాళ్ళు వచ్చి అడుగుతున్నారు, రేపంటున్నాను.

ఆయన మా మున్సిపాలిటీలో కౌన్సిల్ సెక్షన్ గుమాస్తాగా చేశారు. అట్లాంటి సెక్షన్ ఒకటుంటుందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కౌన్సిలర్‌గా గెలిచేదాకా నాకూ తెలియదు. సమావేశానికి అజెండా తయారుచేయడం, దాన్ని ప్రతి సభ్యుడి ఇంటికీ చేర్చడం, సమావేశంలో ఒక్కో అంశం చదవడం, ఏం తీర్మానించారో మినిట్స్ పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. చైర్మన్లు మారారు, కమిషనర్లు మారారు. ఆ పుస్తకం మాత్రం ఏళ్ళ తరబడి ఆయన చంకలోనే ఉంది.

మా ఊరు అటు మిరప చేలకూ ఇటు అడవికీ మధ్య ఉంటుంది. ఒకప్పుడు మామూలు గ్రామపంచాయతీ. తర్వాత చుట్టుపక్కల పల్లెలు కలిపి మున్సిపాలిటీ చేశారు. అట్లా కలిసిన వాటిలో వాగు ఒడ్డున ఉన్న కోయగూడెం ఒకటి. ఆ గూడెం, దానికి ఇవతల రోడ్డు వెంట ఉన్న మా ఇళ్ళూ కలిపి ఒక వార్డు. అది ఆడవాళ్ళకు రిజర్వయింది. బ్లౌజులు కుట్టుకునే నన్ను నిలబెట్టారు, గెలిచాను. అంతకు మించి నా గొప్పేమీ లేదు.

మొదటి సమావేశానికి వెళ్ళేసరికి నా కుర్చీలో మా ఆయన కూర్చుని ఉన్నారు. పక్క వార్డుల్లోనూ అదే వరస. సారు వచ్చి ఆయన ముందు నిలబడ్డారు. "అన్నా, ఈ కుర్చీ వార్డుది. వార్డు అమ్మను గెలిపిచ్చింది. మీకు బయట బల్ల ఏసినం, ఫ్యాన్ గూడ ఉన్నది" అన్నారు. గొంతు పెంచలేదు. మా ఆయన లేచి వెళ్ళి, ఇంట్లో రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగారు. నేనూ సారును తిట్టినట్టు నటించాను. లోపల మాత్రం ఎంత సంబరపడ్డానో నాకే తెలుసు.

ఆ రోజు సమావేశం అయిపోయాక ఆయన నాకు ఊరి చరిత్ర చెప్పారు. పుస్తకంలో ఉండే చరిత్ర కాదు. "పంచాయతీ ఉన్నప్పుడు గ్రామసభ ఉండె అమ్మా. గూడెం ముసలామె గూడ లేచి సర్పంచును నిలదీసేది. మున్సిపాలిటీ అయినంక ఆ సభ పోయింది. జనం మిమ్మల్ని ఎన్నుకుంటరు, మీరంత కలిసి చైర్మన్‌ను ఎన్నుకుంటరు, కమిషనర్‌ను సర్కారు పంపుతది. ఇగ గూడెమంతటికి మిగిలిన నోరు ఒక్కటే, మీది" అన్నారు. సంతలో బేరం ఆడటానికి తప్ప నేను నోరు వాడింది లేదు.

అయినా ఆరు నెలలు ఆ నోరు తెరవలేదు. ఎందుకో చెబుతాను. మా కౌన్సిల్లో ఒక ఆనవాయితీ ఉండేది. అంశం నంబరు చదవగానే ఎవరో ఒకరు "చదివినట్టే" అనేవారు. అందరం బల్లలు చరిచేవాళ్ళం. మినిట్స్‌లో "చదివినట్టుగా భావించి ఆమోదించడమైనది" అని పడేది. నలభై అంశాలు గంటలో అయిపోయేవి. తర్వాత మిర్చీ బజ్జీలు వచ్చేవి. అందరికంటే గట్టిగా చరిచింది నేనే. ఒకసారి మెట్ల దగ్గర సారు ఎదురై, "చెయ్యి నొస్తలేదా అమ్మా?" అన్నారు. సిగ్గుతో తల దించుకున్నాను. "అర్థం కానికాడ ‘చదవండి’ అనుండ్రి. ఒక్క మెంబర్ అడిగినా నేను మొత్తం చదవాల్సిందే" అన్నారు. సరేనన్నాను. అన్నానే గానీ, వచ్చే సమావేశంలోనూ బల్లే చరిచాను.

అజెండా ఇవ్వడానికి ఆయన పాత స్కూటరు మీద గుడ్డసంచితో వచ్చేవారు. ఎవరింట్లోనూ చాయ్ ముట్టేవారు కాదు. "ఒకరింట్ల తాగితే అందరిండ్లల్ల తాగాలె. లేకుంటే ఫలానా వార్డు మనిషంటరు" అనేవారు. మంచినీళ్ళు మాత్రం తాగేవారు.

నేను చెప్పబోయేది ఒక అజెండా గురించి. ఆ రోజు కాగితాలు నా చేతిలో పెట్టి, నీళ్ళు తాగి, గ్లాసు వైపు చూస్తూ అడిగారు. "ఈ నీళ్ళు ఎక్కడియమ్మా?"

"వాగుల చెలమయి సార్. బోరు నీళ్ళు తుప్పు వాసన. గూడెం, మేము, అందరం ఆడికెల్లే తెచ్చుకుంటం."

ఇసుకలో గుంట తీస్తే ఊరే నీళ్ళను మేము చెలమ నీళ్ళంటాం. ఎండాకాలంలో కూడా ఊరతాయి. సారు ఇంకో గ్లాసు అడిగి తాగారు. గేటు దాకా పోయి మళ్ళీ తిరిగి, "అందరూ ఆ వాగు నీళ్ళేనా?" అన్నారు. పెద్దాయనకు మతిమరుపు వచ్చిందనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. కాగితాలు తిరగేశాను. పదిహేడో అంశం ఫలానా సర్వే నంబరులోని ఖాళీ స్థలాన్ని పట్టణంలోని చెత్త వేయడానికి కేటాయించడం. చెత్త ఎక్కడో ఒకచోట వేయాలి కదా అనుకుని పక్కన పెట్టాను. సర్వే నంబరు చూసి స్థలం గుర్తుపట్టే చదువు నాకు లేదు.

సమావేశం రోజు హాల్లో ఏదో తేడాగా ఉంది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు ముందే వచ్చి కూర్చున్నారు. ఎప్పుడూ బజ్జీల గురించి అడిగేవాళ్ళు అడగలేదు. పదహారు అంశాలు పరుగెత్తాయి. పదిహేడో నంబరు చెప్పి సారు ఆగారు. గ్లాసు అందుకున్నారు. సమావేశం మధ్యలో ఆయన నీళ్ళు తాగడం నేనెన్నడూ చూడలేదు. నెమ్మదిగా గుటక వేస్తున్నారు, కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"చదివినట్టే" అన్నారెవరో. బల్లలు మోగాయి. నా చెయ్యీ సగం లేచింది. అప్పుడు, మా ఇంటికి వచ్చిన రోజు వాగు నీళ్ళ గురించి ఆయన రెండుసార్లు అడిగిన మాట గుర్తొచ్చింది.

"చదవండి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "సార్, చదవండి."

చైర్మన్ నవ్వారు. "టైం లేదమ్మా. అంతా మంచికే. చదివినట్టే రాయండి" అన్నారు సారుతో.

సారు గ్లాసు కింద పెట్టారు. "మెంబర్ చదవమన్నరు సార్" అన్నారు.

"నేను వద్దంటున్న కదా."

"అవ్ సార్. మెంబర్ చదవమన్నరు."

సారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయనకు రిటైర్మెంట్ ఇంకో ఏడాది కూడా లేదు. చదవడం మొదలుపెట్టారు. సర్వే నంబరు చదివారు, విస్తీర్ణం చదివారు, "దక్షిణం, కోయగూడెం దారి" అంటూ హద్దులు చదివారు. తూర్పు హద్దు దగ్గరికి వచ్చేసరికి ఇంకా నిదానించారు. "తూర్పు, వాగు."

నేను లేచి నిలబడ్డాను. ఏం మాట్లాడానో వరసగా గుర్తులేదు. "గది ఖాళీ జాగ కాదు, మా చెలమకు ఎగువనున్న గడ్డ. ఆడ చెత్త పోస్తే వానకు అంత వాగుల్నే దిగుతది. గూడెం పిల్లలు ఏం తాగాలె?" అన్నట్టు గుర్తు. మాట్లాడినంతసేపూ బల్ల పట్టుకునే ఉన్నాను. ఇక నేను ఒంటరిదాన్నే అనుకున్నాను. అప్పుడు వెనక వరసలోని పెద్దాయన, నాతో ఎన్నడూ మాట్లాడని మనిషి, "ఆ వాగు మా వార్డు మంచినీళ్ళ బావి పక్క నుంచే పోతది గదా" అన్నారు. ఇంకొకరు "మాకు గీ సంగతి చెప్పలే" అన్నారు. గంట గొడవ తర్వాత అంశం వాయిదా పడింది.

కథ అక్కడితో అయిపోలేదు. మర్నాడు మధ్యాహ్నం అటెండర్ వచ్చాడు. "సారు రమ్మన్నడు. మినిట్స్ చూస్కోవాల్నట" అన్నాడు. వెళ్ళేసరికి సారు బల్ల దగ్గర చైర్మన్ వెంట తిరిగే మనుషులిద్దరు నిలబడి ఉన్నారు. మినిట్స్‌లో ఆమోదించినట్టు రాయమని పొద్దుటి నుంచి ఆయన్ని ఒత్తిడి చేస్తున్నారని తర్వాత తెలిసింది. సారు వాళ్ళ వైపు చూడకుండా నాకు కుర్చీ చూపించి, "నేను రాస్త, మీరు చూడుండ్రి" అన్నారు. "చర్చ అనంతరం పదిహేడవ అంశం వాయిదా వేయడమైనది." సిరా ఆరేదాకా ఆగి, కింద మిగిలిన ఖాళీకి అడ్డంగా ఒక గీత గీశారు. "ఖాళీ జాగ ఉంచొద్దమ్మా. ఉంచితే ఎవరికన్న రాయబుద్ధయితది" అన్నారు. ఆ ఇద్దరూ వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా ఆయన్ని జనన మరణాల సెక్షనుకు మార్చారు. కౌన్సిల్ పుస్తకం వేరే చేతికి పోయింది. నా ఒక్క మాట వల్ల ఇట్లా అయిందని నాకు తిండి సహించలేదు. వెళ్ళి "తప్పయింది సార్" అన్నాను. "ఏంది తప్పు? చదవమన్నరు, చదివిన" అన్నారు. "ఈడనే నయం. పుట్టినోళ్ళను పుట్టిండ్రని రాస్తే ఎవరూ కొట్లాటకు రారు." ఆ మాటకు ఇద్దరం నవ్వాం. మీకు రుణపడి ఉన్నాను సార్ అని ఆ రోజే అనాల్సింది. తర్వాత ఎప్పుడైనా అనొచ్చనుకున్నాను. అనలేదు.

ఆ అంశం మా గడువు ముగిసేదాకా మళ్ళీ అజెండాలోకి రాలేదు. గూడెం ఇప్పటికీ ఆ చెలమ నీళ్ళే తాగుతోంది. ఇప్పుడు నేను కౌన్సిలర్‌ను కాను. సభ్యులందరికీ కలిపి ఫోన్లో అజెండా వస్తోందట. ఎవరింటికీ ఎవరూ స్కూటరు మీద రావడం లేదు.

మొన్న సారు వాళ్ళమ్మాయితో కలిసి మరణ ధ్రువీకరణ పత్రం కోసం ఆఫీసుకు వెళ్ళాను. ఆయన ఆఖరున పనిచేసిన కిటికీయే. కంప్యూటర్ ముందు కొత్తమ్మాయి ఉంది. చకచకా టైపు కొట్టి, కాగితం ఇటు తోసింది. "అన్ని సక్కగనే ఉన్నయ్. ఈడ సంతకం పెట్టుండ్రి."

వాళ్ళమ్మాయి పెన్ను అందుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"చదువు బిడ్డా" అన్నాను కిటికీ లోపలి అమ్మాయితో.

"చూస్కునే కొట్టిన మేడం."

"అయినా సరే, పైకి చదువు. మొత్తం."

ఆమె నా ముఖం చూసి, కాగితం చేతిలోకి తీసుకుని, సారు పేరు దగ్గర మొదలుపెట్టింది. వెనక లైను పెరుగుతోంది. ఎవరో జల్దీ కానియ్యమన్నారు. నేను కిటికీ ముందు నుంచి కదల్లేదు.